వెంట్రుకంత వెడల్పు రాజులు

మిషిగన్‌లో మా ట్రాయ్ ఊరి తెలుగు చర్చిలో పుట్టి పెరిగిన హన్నాకి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. ఒక బీమా కంపెనీలో అంకెల్ని రంగురంగుల పట్టీలుగా మార్చి పైవాళ్ళకి చూపించే పని. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కింది హాల్లో ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"అంకుల్, మీరు కూడా చార్ట్స్ చేసేవారంట కదా? ఏ సాఫ్ట్‌వేర్?"

"బ్లేడు, నల్ల ఇంకు, మైనం" అన్నాను.

పిల్ల నవ్వింది. తమాషాకి అన్నాననుకుంది. తర్వాత తన పని గురించి చెప్తూ ఒక మాట అంది: "స్మాల్ వాల్యూస్ అన్నీ అదర్స్‌లో పడేస్తాం అంకుల్. లేకపోతే చార్ట్ క్లీన్‌గా ఉండదు."

అక్కడ నాకు ఒళ్ళు మండింది. అదర్స్ అట! ఇతరులు! నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరితో పోట్లాడానంటే ఆ ఒక్క మాటతోనే. హన్నా మీద నాకు కోపం లేదు, బంగారం లాంటి పిల్ల. కానీ ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకని కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి అడగకండి. నేను పనిచేసిన షాపులో ఉన్నది అరడజను మంది, ఎక్కడానికి మెట్లే లేవు.

గోడ మీద కాలం

నేను నరసాపురంలో ఐటీఐ చదివిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆవిడ రూతు నర్సు. ఆమె ఉద్యోగం మీద మిషిగన్ వచ్చాం. కార్ల విడిభాగాల కంపెనీలో కొన్నాళ్ళు బల్ల మీద గీతలు గీశాను. కంప్యూటర్లు వచ్చి బల్లల్ని పీకేశాయి, బల్లలతో పాటు మమ్మల్నీ పంపేశారు. అప్పుడు దొరికింది వాల్టర్ దగ్గర పని. బడులకీ లైబ్రరీలకీ గోడకి తగిలించే కాలపట్టికలు అచ్చు వేసే చిన్న షాపు అది. ఏ దేశంలో ఏ రాజు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఏలాడో పొడుగు కాగితం మీద పట్టీలుగా చూపించాలి. ఎంత కాలం ఏలితే పట్టీ అంత వెడల్పు, ఆ వెడల్పు లోపలే పేరు.

చరిత్ర నాకు పదో తరగతిలో బట్టీ పట్టి, పరీక్ష మర్నాడే మర్చిపోయిన సబ్జెక్టు. పట్టీ గీయాలంటే ఆ మనిషి ఎవరో తెలియాలి కాబట్టి చదవడం మొదలుపెట్టాను. శనివారాలు లైబ్రరీలోనే నా కాపురం అని రూతు ఇప్పటికీ దెప్పుతుంది. ఏ కాలేజీ గడపా తొక్కలేదు. తొక్కనందుకు సిగ్గూ లేదు.

పనిలో అసలు తిరకాసు ఇక్కడుంది. మా చార్టులో పదేళ్ళకి ఒక అంగుళం. యాభై ఏళ్ళు ఏలినవాడికి అయిదంగుళాల పట్టీ వస్తుంది, దాంట్లో పేరూ కిరీటం బొమ్మా వేసినా ఇంకా ఖాళీ మిగులుతుంది. మూడు నెలలు ఏలినవాడికి వచ్చేది వెంట్రుకంత వెడల్పు. దాంట్లో పేరు ఎలా రాస్తారు?

వాల్టర్ దగ్గర దీనికి ఒక సూత్రం ఉండేది. "పేరు పట్టకపోతే రాజు కాడు." పుదీనా బిళ్ళ చప్పరిస్తూ, తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. మంచి యజమాని, చెడ్డ సూత్రం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం నేను చాలాచోట్ల చూశాను.

ఒకరి మీద ఒకరు పడ్డ పట్టీలు

మొగలు చక్రవర్తుల చార్టు నేను సొంతంగా చేసిన మొదటిది. ఔరంగజేబు దాకా బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత ఒకచోట పట్టీలు కుదరలేదు. ఫరూక్‌సియర్‌ని దించేశారు. రఫీ ఉద్ దరజాత్‌ని ఎక్కించారు, కొన్ని నెలలు. వాళ్ళ అన్న రఫీ ఉద్ దౌలాని ఎక్కించారు, మళ్ళీ కొన్ని నెలలు. తర్వాత మహమ్మద్ షా. కానీ ఒక పుస్తకం ప్రకారం మహమ్మద్ షా పట్టీ గీస్తే అది వెనక్కి జరిగి ఆ అన్నదమ్ములిద్దరి మీదా ఎక్కి కూర్చుంది. స్కేలు తప్పు పట్టుకున్నానేమోనని, మైనంతో అతికించిన పట్టీని పీకి మళ్ళీ అతికించాను. మళ్ళీ అంతే.

మాకు సలహాలు ఇచ్చే పెద్దావిడ ఉండేది, హెలెన్ అని, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. యోసేపునైన నేను షాపు వాళ్ళందరికీ జోని. ఫోన్ చేస్తే పకపకా నవ్వింది. "నీ స్కేలు బాగానే ఉంది జో. ఆయన తన ఏలుబడిని ఫరూక్‌సియర్ దిగిన రోజునుంచి లెక్కపెట్టించుకున్నాడు. మధ్యలో ఇద్దరూ లేనట్టే." తర్వాత ఇంకో మాట చెప్పింది. "తేదీ చూసినప్పుడల్లా, ఈ రోజులు ఎవరు లెక్కపెట్టారని ముందు అడుగు."

నేను ఏ కాలేజీకీ వెళ్ళకుండా చదువుకున్న చదువులో సగం ఆ ఒక్క వాక్యమే. ఆమెకి నా దండం.

ఆ రాత్రి అన్నం తింటూ రూతుకి చెప్పాను. దరజాత్ అనేవాడు క్షయతో తీసుకుంటున్న కుర్రాడు. సయ్యద్ సోదరులనే ఇద్దరు పెద్దమనుషులు తమ చెప్పుచేతల్లో ఉంటాడని తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. బతకనని తెలిశాక, నా బదులు మా అన్నని కూర్చోబెట్టండని అడిగాడట. ఆ అన్నా రోగిష్టే, ఆయనా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాడు వాళ్ళిద్దరి రోజుల్ని కూడా తన పద్దులో కలిపేసుకున్నాడు.

"ఎప్పుడో పోయినవాళ్ళ కోసం మీకెందుకండీ బీపీ?" అంది రూతు. నర్సు కదా.

మర్నాడు వాల్టర్‌తో పోట్లాడాను. "పేరు పట్టదు కదా" అన్నాడు. "లోపల పట్టకపోతే బయట రాద్దాం" అన్నాను. ఒక్కో వెంట్రుకంత పట్టీ నుంచి ఒక సన్నటి గీతని చార్టులో ఖాళీ ఉన్న చోటుదాకా లాక్కెళ్ళి, దాని కొసన పేరు రాశాను. కిరీటం బొమ్మ లేదు కానీ అక్షరాలు మాత్రం అందరికీ ఉన్న సైజే. వాల్టర్ వంగి చూసి, "తీగ లాగావు" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. తర్వాత ఎవరు పట్టకపోయినా షాపులో "జో తీగ వెయ్యండి" అనేవారు. ఇలాంటి గీతలు నాకంటే ముందు ఎందరో గీసే ఉంటారు. మా షాపులో మాత్రం నేనే మొదలుపెట్టాను.

తెలియకుండా రాజైనవాడు

వాల్టర్ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ఫ్రాన్సులో పదో చార్లెస్ గద్దె వదిలేస్తూ సంతకం పెట్టాక, కొడుకు కూడా వదిలేస్తున్నానని సంతకం పెట్టడానికి ఇరవై నిమిషాలు తటపటాయించాడని, ఆ ఇరవై నిమిషాలూ అతనే రాజని కొందరంటారు. "దానికీ తీగేనా?" అని వేళాకోళం చేశాడు. నేను వద్దన్నాను. అతన్ని రాజని ఎవరూ ప్రకటించలేదు, అతనూ అనుకోలేదు. తీగ అడిగినవాడికల్లా ఇచ్చేది కాదు.

నేపాల్ పట్టీ మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం గట్టిగా నిలబడ్డాను. యువరాజు దీపేంద్ర, రాజైన తండ్రినీ కుటుంబాన్నీ కాల్చి చంపి తననీ కాల్చుకున్నాడంటారు. ఆయన్ని రాజుగా ప్రకటించేటప్పటికి ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. స్పృహ రాకుండానే పోయాడు. "రాజునని తెలియనివాడు రాజెలా అవుతాడు?" అన్నాడు వాల్టర్. ఆ మనిషి గురించి ఎవరేమనుకున్నా సరే, రాజు అవునా కాదా అన్నది ఆయన స్పృహని అడిగి తేల్చేది కాదు, ఆ దేశం చెప్పాలి, ఆ దేశం చెప్పింది అన్నాను. తీగ పడింది.

మీ ఇష్టాయిష్టాలతో ఎవరినీ చార్టులోకి ఎక్కించకండి, చార్టులోంచి దించకండి. ఇది చెప్పడం తేలిక. చెయ్యడం కష్టమని నాకు ఆ రోజు తెలిసింది, ఎందుకంటే ఆ పేరు రాస్తున్నప్పుడు నా చెయ్యి కూడా వెనకాడింది.

వేంగి లెక్క

దక్షిణ భారతం చార్టు చేసినప్పుడు మాత్రం నాకు పండగే. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు చదివించుకున్నాను. ఏదో ఒక బ్రాహ్మడికో గుడికో ఊరు దానం ఇస్తూ, ముందుగా తమ వంశంలో ఎవరు ఎన్నాళ్ళు ఏలారో వరసగా చెప్తారు. కుబ్జవిష్ణువర్ధనుడు పద్దెనిమిదేళ్ళు. ఇలా చెప్పుకుంటూ వచ్చి, ఇంద్రభట్టారకుడు ఏడు రోజులు. ఆ వెంటనే అతని కొడుకు తొమ్మిదేళ్ళు. పదిహేను రోజులవాడూ ఉన్నాడు, నెలవాడూ ఉన్నాడు. తర్వాత వచ్చినవాడు ఆ ఏడు రోజుల్ని తన తొమ్మిదేళ్ళలో కలిపేసుకుంటే అడిగేవాడెవడు? కలుపుకోలేదు. రాగి రేకు మీద చోటు తక్కువ, చెక్కడం కష్టం, అయినా ఆ ఏడు రోజుల్నీ చెక్కించారు.

ఆ రోజు షాపులో వాల్టర్‌ని పిలిచి చూపించాను. "మా వాళ్ళు" అన్నాను. మా ఊరికి వేంగి ఎంతో దూరం లేదు మరి. ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

మా చర్చి గోడ

ఇక అసలు కథ. నేను రిటైరైన తర్వాత చేసిన ఒకే ఒక్క చార్టు ఇది.

మా చర్చికి నలభయ్యేళ్ళు నిండుతున్నాయి. గోడ మీదకి ఒక కాలపట్టిక చేసి పెట్టమని కమిటీ అడిగింది. ఇప్పటి అధ్యక్షుడు ప్రసాద్ సాఫ్ట్‌వేర్ మనిషి, మర్యాదస్తుడు. అధ్యక్షుల పేర్లూ తేదీలూ రాసి ఇచ్చాడు. అందులో డాక్టర్ విల్సన్ గారి పేరు ఎదురుగా ఏకబిగిన చాలా ఏళ్ళు ఉన్నాయి.

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. అది వరమో శాపమో రూతుని అడగాలి. ఆ ఏళ్ళ మధ్యలో మూడు వారాలు విల్సన్ గారివి కావు. సుందర రత్నం గారివి. హన్నా వాళ్ళ తాతగారు, పోయి కొన్నేళ్ళయింది.

అప్పుడు జరిగింది ఇది. మా చర్చిలో ఒంగోలు వైపు బాప్టిస్టులూ ఉన్నారు, గోదావరి వైపు లూథరన్లూ ఉన్నారు. ఒకరికి బాప్తిస్మమంటే నీళ్ళలో ముంచాలి, ఇంకొకరికి పసిపిల్లలకే తల మీద చిలకరించాలి. ఒక చలికాలం ఇది ముదిరి చర్చి రెండుగా చీలే దాకా వచ్చింది. ముంచితేనే బాప్తిస్మం అని విల్సన్ గారు మీటింగులో హాలు తాళాలు బల్ల మీద విసిరేసి వెళ్ళిపోయారు. ఆ తాళాలు ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. రత్నం గారు కార్ల భాగాలు పోతపోసే అచ్చులు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసే నెమ్మదైన మనిషి. మన మాట వింటాడులే అని రెండు వైపుల వాళ్ళూ అనుకుని ఆయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు.

ఆయన ఎవరి మాటా వినలేదు. అమెరికన్ బాప్టిస్టు చర్చివాళ్ళని బతిమాలి వాళ్ళ నీళ్ళ తొట్టి అడిగి తెచ్చుకున్నారు. ఒకే ఆదివారం, పొద్దున మా అద్దె హాల్లో ఒక పసిబిడ్డకి చిలకరింపు, మధ్యాహ్నం అక్కడ తొట్టిలో ఇద్దరు పెద్దపిల్లలకి ముంచే బాప్తిస్మం. ఆ తర్వాత అందరికీ ఒకేచోట భోజనం. అది అయ్యాక తాళాలు తిరిగి విల్సన్ గారికి ఇచ్చేసి దిగిపోయారు. ఈ రోజుకీ మా చర్చిలో రెండు పద్ధతులూ నడుస్తున్నాయంటే ఆ మూడు వారాల చలవే. విల్సన్ గారి సొంత మనవడికే చిలకరింపు జరిగింది, కోడలు లూథరన్ కాబట్టి.

కమిటీ మీటింగులో లేచి అడిగాను. "రత్నం గారి పేరేదయ్యా?"

ప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. "అంకుల్, అది ఇంటెరిమ్ కదా. త్రీ వీక్స్‌కి బార్ కనపడను కూడా కనపడదు. సింపుల్‌గా కానిద్దాం."

నాకు ఆవేశం వచ్చింది. ఆవేశంలో నాలుక ముందు నడుస్తుంది, బుర్ర వెనక వస్తుంది. "ఇశ్రాయేలు రాజుల్లో జిమ్రీ ఏడు రోజులే ఏలాడు. ఆదివారం బడిలో మీ పిల్లలకి అతని పేరు నేర్పుతున్నారా లేదా? అతనికున్న చోటు రత్నం గారికి లేదా?"

వెనక వరసలోంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. కరుణమ్మ గారు లేచి నిలబడ్డారు, రత్నం గారి భార్య.

"ఏవండీ యోసేపు గారూ! రాజుని చంపి, కోటకి నిప్పంటించుకుని చచ్చినవాడండీ ఆ జిమ్రీ! వాడితోనా మా ఆయన్ని జతకట్టేది?"

హాలంతా నవ్వులు. మీటింగు అక్కడితో ముగిసింది. ఇంటికి వస్తూ కార్లో రూతు అంది: "ఇన్నేళ్ళ సర్వీసులో మీకు ఇంకో రాజే దొరకలేదా?"

దొరికాడు. మర్నాడు వేంగి శాసనం ఫోటో పట్టుకుని కరుణమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ పుట్టిల్లు పెదవేగి పక్కనే, ఒకప్పటి వేంగి నగరం అదే. టీ ఇచ్చారు కానీ మొహంలో కోపం తగ్గలేదు. ఏడు రోజుల ఇంద్రభట్టారకుడి సంగతి చెప్పాను.

"మా దిబ్బల కింద ఉన్నారంటారే, ఆ రాజులా?"

"వాళ్ళే అక్కగారూ."

"ఏం చేశాడు ఆ ఏడు రోజుల్లో?"

"తెలీదండీ. ఎక్కడా చెప్పలేదు."

"ఏం చేశాడో తెలీకపోయినా పేరు రాశారా?"

"రాశారండీ."

ఆవిడ ఆ ఫోటో చేతిలోకి తీసుకున్నారు. "మా ఆయన ఏం చేశారో అందరికీ తెలుసు కదా" అన్నారు. తర్వాత కప్పు తీసి పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పారు. "నేనెవరితోనూ గొడవ పడను తమ్ముడు గారూ. పండగ రోజు పాతవాళ్ళందరం ఆ గోడ ముందు ఫోటో దిగాలట. ఆయన పేరు లేని గోడ ముందు నేను నిలబడను. ఆ రోజు ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటాను."

అద్దె హాలు రోజులనుంచీ ఆవిడ ఒక్క ఆదివారం మానలేదు. నలభయ్యేళ్ళ పండగకి ఆవిడ రాకపోతే, అది పండగ కాదు.

రెండు పట్టీలు

చార్టుకి ఒప్పించాల్సింది ప్రసాద్‌ని కాదని నాకు అప్పటికే అర్థమైంది. హెలెన్ ఎప్పుడో చెప్పింది కదా, రోజులు ఎవరు లెక్కపెట్టారో అడగమని. ప్రసాద్ ఇచ్చిన తేదీలు విల్సన్ గారు చెప్పినవే. పెన్సిలుతో చార్టు గీసుకుని ఆయనింటికి వెళ్ళాను. ఆయనకి ఇప్పుడు నడక కష్టం, నోటికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

కాగితం చూడగానే కస్సుమన్నారు. "ఏందయ్యా యోసేపూ! నేను అలిగి పోయిన సంగతి గోడెక్కిస్తావా?"

"పట్టీలో అలక కనపడదు డాక్టర్ గారూ. మొదలు కనపడుద్ది, చివర కనపడుద్ది, అంతే. మధ్యలో ఒక గీత పడితే మీ పట్టీ రెండవుతుంది. పేరు రెండుచోట్ల రాయాలి."

ఆయన కళ్ళద్దాలు వెతుక్కున్నారు. "రెండుచోట్లా?"

"తప్పదు."

"రెండూ ఒకటే సైజా?"

"ఒకటే సైజు."

కాగితాన్ని మొహం దగ్గరికి తీసుకుని చూశారు. నేను లోపల నవ్వుకుంటున్నాను, గెలిచాననుకుంటున్నాను. అప్పుడాయన వేలు ఆ రెండు పట్టీల మధ్య సన్నగీత మీద ఆగింది.

"ఆ రోజు మంచులో నడిచొచ్చాడయ్యా. కారు స్టార్ట్ కాలేదంట. మా ఆవిడ తలుపు తీసింది. నేను లేచి కూడా పోలా. తాళాలు ఈ బల్ల మీదే పెట్టి, 'హాల్లో హీటరు బాగు చేయించానండీ, ఈ ఆదివారం చలి ఉండదు, రండి' అన్నాడు. ఇంకో మాట లేదు. నన్ను తిడతాడేమోనని తయారై కూర్చున్నా నేను." కాగితం నా చేతికి తిరిగిచ్చారు. "నాకు పెద్దక్షరాలేసి ఆయనకి చిన్నక్షరాలెయ్యమాక. అందరికీ ఒకటే సైజు. ప్రసాదుకి నేను చెప్తాలే."

నేను ఆయన పేరు పిచ్చిని అడ్డం పెట్టుకుని గెలుద్దామని వెళ్ళాను. ఆయన అంతకంటే మంచి మనిషని తేలింది. కొంచెం చిన్నబోయినట్టయింది కానీ, అంత హాయిగా చిన్నబోవడం నా జీవితంలో ఇంకెప్పుడూ లేదు.

హన్నా, నీకు చెప్పాలనుకున్నది ఇదే. సన్నవాళ్ళని ఒక బుట్టలో పోసి అదర్స్ అని రాయడం చెయ్యి తిరిగినతనం కాదు, బద్ధకం. చార్టు క్లీన్‌గా ఉండకపోతే ఉండకపోనీ. ఒక్కొక్కరికి తీగ లాగు. చోటు ఎక్కడుందో వెతకడమే మన పని, అందుకే జీతం.

పండగ రోజు చార్టు గోడకెక్కింది. రత్నం గారి పట్టీ స్కేలు ప్రకారం వెంట్రుకంతే. దానికి రెండు వైపులా విల్సన్ గారే, రాయడానికి చోటు లేదు. అందుకని తీగని చార్టు అంచుదాకా లాక్కెళ్ళాల్సి వచ్చింది. నేను గీసిన తీగలన్నిట్లోకీ అదే పొడుగైనది. కొసన పేరు, అందరితో సమానమైన అక్షరాల్లో.

హన్నా దాని వెంట వేలు పెట్టి నడిపింది. "తాతయ్య లైన్ లాంగెస్ట్ అంకుల్."

ఫోటో తీసేటప్పుడు పాతవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. కరుణమ్మ గారు ఎవరినీ అడక్కుండా నేరుగా వచ్చి మధ్యలో నిలబడ్డారు. ఆవిడ వెనక విల్సన్ గారి రెండో పట్టీ పూర్తిగా కనుమరుగైంది, పేరుతో సహా.

చక్రాల కుర్చీలోంచి విల్సన్ గారు కేకేశారు. "ఏందమ్మా కరుణమ్మా, నా పేరు కనపడట్లా! కాస్త పక్కకి జరుగు!"

ఆవిడ కెమెరా వైపే చూస్తూ అన్నారు. "మూడు వారాలు ఓపిక పట్టండి డాక్టర్ గారూ, జరుగుతాను."

ఆ నవ్వుల మధ్యలోనే ఫోటో పడింది. అందులో విల్సన్ గారే అందరికంటే గట్టిగా నవ్వుతున్నారు.